నాంచారి పాదం కొలత

అనగనగా, గుర్రాల సకిలింపుతో తెల్లవారే ఒక ఊళ్ళో, రాజుగారి టపా మోసే ఇల్లొకటి ఉండేది. టపా అంటే ఉత్తరాల సంచి. రాజుగారేమో కొండ మీద కోటలో ఉంటారు, ఊరేమో కొండ కింద. కబుర్లన్నీ సంచిలో వేసుకుని గుర్రమెక్కి పైకి తీసుకెళ్ళాలి. దానికో కట్టుబాటు ఉండేది. గుర్రమెక్కిన మనిషి సంచి రాజుగారి చేతికిచ్చేదాకా నేల మీద కాలు మోపకూడదు. మోపాడా, టపా ఇంకో ఇంటికి పోతుంది. ఊ కొడుతున్నారా? పాపాయ్, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో.

ఆ ఇంట్లో మగవాళ్ళంతా కుంటేవాళ్ళు. పుట్టుకతో కాదర్రా. జీనుకి రెండు పక్కలా ఇనప కడియాల్లాంటివి వేలాడతాయి, కాళ్ళు పెట్టుకోడానికి. వాటిని రికాబులంటారు. ఆ ఇంటి రికాబులు మరీ ఇరుకు. కొండెక్కి దిగేసరికి వేళ్ళు మొద్దుబారి, పాదం తిమ్మిరెక్కి, కుంటుకుంటూ ఇల్లు చేరేవాళ్ళు. చూసేవాళ్ళకి అదే దర్జాగా తోచింది. టపా ఇంటి నడకంటే అలా ఉండాలి అనుకున్నారు. ఇంకేముంది, ఊళ్ళో కాస్త పరపతి ఉన్నవాడల్లా కుంటడం మొదలెట్టాడు. కరణంగారు కుంటుతారు. కరణంగారి బావమరిది కుంటుతాడు. జన్మలో గుర్రమెక్కని నేతి వర్తకుడు కూడా పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు మాత్రం కుంటుతాడు. గున్నా, నవ్వింది చాలు, విను.

ఆ ఇంటికి నాంచారి అనే పిల్ల కోడలిగా వచ్చింది. పుట్టింట్లో గుర్రాల మధ్యే పెరిగింది. తిన్నగా నడుస్తుంది. అదే తప్పయిపోయింది. మన ఇంటి నడక నేర్చుకోవే అమ్మాయ్, నలుగురూ ఏమనుకుంటారు అని అత్తగారు రోజూ సణిగేది.

ఇలా ఉండగా నాంచారి మొగుడు తిప్పన్న సంచి తీసుకుని కొండెక్కుతున్నాడు. పాదం తిమ్మిరెక్కి, కాలు రికాబులోంచి జారిన సంగతే తెలీలేదు. మలుపులో దబ్బున పడ్డాడు, కాలు విరిగింది. రాజుగారు మంచివారు కాబట్టి ఒక్కసారికి మన్నించారు. వచ్చే పున్నమికి మీ ఇంటి మనిషి కిందికి దిగకుండా సంచి తెస్తే సరి, లేకపోతే వేరే ఇల్లు చూసుకుంటానని కబురంపారు. మావగారు జోగన్నకి మోకాళ్ళు వంగవు. తిప్పన్న మంచంలో ఉన్నాడు. మరెవరు వెళ్తారు?

నేను వెళ్తానంది నాంచారి.

అత్తగారు నోటి మీద చెయ్యేసుకుంది. మావగారు మీసం తిప్పుకుంటూ కూర్చున్నాడు. నాంచారి ఊరుకోలేదు. ఆ రికాబుల్లో కాళ్ళు పెట్టి ఊరి చుట్టూ తిరిగొచ్చింది. దిగేసరికి వేళ్ళు తన వేళ్ళలా లేవు. అరుగు మీద కూర్చుని పాదాలు పిసుక్కుంటూ తనలో తనే ప్రశ్నలేసుకుంది. వేలా వేలా, ఎందుకు మొద్దుబారావు? రికాబు నొక్కింది. రికాబూ రికాబూ, ఎందుకు నొక్కావు? ఇరుకుగా పోశారు. కమ్మరీ కమ్మరీ, ఎందుకు ఇరుకుగా పోశావు? తాతగారి కొలత అదే.

అదీ సంగతి. ఆ ఇంటికి మూలపురుషుడు ఒక తాత ఉండేవాడు. ఆయన రికాబులు దేవుడి గూట్లో పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి పూజ చేస్తారు. కొత్తవి ఎప్పుడు చేయించినా ఆ కొలతతోనే. కమ్మరిని ఇంకో కొలతకి అడిగితే, నా వల్ల కాదు తల్లీ, మీ పెద్దలు నా చెయ్యి విరిచేస్తారు అన్నాడు.

నాంచారి తిన్నగా దేవుడి గూటి దగ్గరికెళ్ళింది. రికాబుల పక్కనే తాతగారి పాంకోళ్ళు, అంటే చెక్క చెప్పులు, కూడా ఉన్నాయి. వాటికీ పసుపు, వాటికీ బొట్టు. ఒక పాంకోడు తీసి రికాబులో పెట్టబోయింది. పట్టలేదు. అడ్డంగా తిప్పింది, నిలువుగా తిప్పింది, పట్టలేదు. మావయ్యా, ఓసారి ఇలా రండి అని పిలిచింది.

జోగన్న వచ్చి చూశాడు. తనూ పెట్టి చూశాడు. పట్టలేదు. ఇన్నాళ్ళూ రెండింటికీ పక్కపక్కనే దణ్ణం పెట్టుకున్నారు గానీ, ఒకదాంట్లో ఒకటి పెట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. జోగన్న, అయితే ఇవి ఆయన చిన్నప్పటివై ఉంటాయే అమ్మాయ్ అన్నాడు. అత్తగారు వెనక నుంచి, మరి మీరు జీవితమంతా పిల్లాడి రికాబుల్లో ఊరేగారన్నమాట అంది.

అప్పుడు కమ్మరి పాంకోళ్ళ కొలతకి కొత్తవి పోశాడు. నాంచారి సంబరంగా ఎక్కింది. తాతగారిదేమో ఏనుగు పాదం, నాంచారిది సన్నటి పాదం. గుర్రం నాలుగు గంతులు వేసిందో లేదో, కాలు రికాబులోంచి మడమ దాటి అవతలకి దూరిపోయింది. పడింది. కాలు అందులో చిక్కుకుని పెరడంతా ఈడ్చుకుపోయింది గుర్రం. పాలేరు వచ్చి పట్టుకోబట్టి బతికింది. భయపడకండర్రా, ఉంది, బాగానే ఉంది. దెయ్యం ఎప్పుడొస్తుందని అడక్కు గున్నా, ఈ కథలో దెయ్యం లేదు, మొండితనమే ఉంది.

అత్తగారు నాంచారి మోచేతులకి పసుపు అద్దుతూ, చాలమ్మా, టపా పోతే పోయింది, నువ్వు మాకు దక్కితే చాలు అంది. తిప్పన్న కూడా మంచం మీంచి అదే మాట అన్నాడు. నాంచారి మాత్రం పసుపు ఆరకముందే కమ్మరి దగ్గరికి బయల్దేరింది. చిన్న తాత కొలతా నాది కాదు, పెద్ద తాత కొలతా నాది కాదు, నా పాదం కొలుచుకో అంది.

జోడు వేసుకున్న కాలు రికాబులో పెడితే అటొక చిటికెనవేలు, ఇటొక చిటికెనవేలు పట్టేంత సందు ఉంచమంది. పాదం ఆనే చోటు సన్నటి కమ్మీలా కాకుండా వెడల్పుగా, బల్లలా ఉండాలంది. దాని మీద తోలు చుట్టించింది, జారకుండా. రికాబు వేలాడే పట్టీని కూడా చూసుకుంది. చెయ్యి చాచి వేళ్ళు జీనుకి ఆనించి, పట్టీని చేతి వెంబడి లాగితే రికాబు చంక దాకా రావాలి. ఎక్కాక పాదం ముందు భాగం దాని మీద, మడమ కాస్త కిందికి. రోజూ తెల్లారకుండా సాధన చేసింది. నొప్పి పుట్టిన చోటల్లా దిగి సరిచేసుకుంది, మళ్ళీ ఎక్కింది.

పున్నమి పొద్దున సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. రాళ్ళ బాట ఎక్కింది, తిప్పన్న పడ్డ మలుపు దాటింది. కోట తలుపు దగ్గరికి చేరింది. అక్కడ కావలివాడు అడ్డం తిరిగాడు. టపా ఇంటివాళ్ళు కుంటుతారు, నువ్వెవరో నాకేం తెలుసు, దిగి నాలుగడుగులు నడు, కుంటితే లోపలికి పంపుతా అన్నాడు.

దిగితే టపా పోతుంది. దిగకపోతే తలుపు తియ్యడు. ఊ కొడుతున్నారా?

మీరు తలుపు తియ్యకపోయినా నేను దిగను బాబాయ్, సాయంత్రం దాకా ఇలాగే ఉంటానంది నాంచారి. వాడు ఉండమన్నాడు. ఉంది. ఎండ ఎక్కింది, ఉంది. కుంటనందుకు బయట నిలబెట్టేవాళ్ళని మిమ్మల్నే చూశానని వాణ్ణి ఆటపట్టిస్తూ ఉంది. ఆ గొడవకి తలుపు మీది మేడలోకి రాజుగారొచ్చి తొంగిచూశారు. ఏమిటీ రభస అని అడిగారు.

నాంచారి పగ్గం ఎడమచేత్తో పట్టుకుని, మడమలు కిందికి నొక్కి, రికాబుల మీద నిటారుగా లేచి నిలబడింది. గుర్రం కదిలినా పాదం కదల్లేదు. కుడిచేత్తో సంచి పైకెత్తింది. రాజుగారు వంగి అందుకున్నారు.

మీ ఇంటివాళ్ళెవరూ ఇలా నిలబడగా చూడలేదే అన్నారాయన.

వాళ్ళు తాతగారి కాళ్ళతో ఎక్కారు ప్రభూ, నేను నా కాళ్ళతో ఎక్కానంది నాంచారి. అని దిగింది, కావలివాడు తలుపు తీస్తే తిన్నగా నడిచి లోపలికెళ్ళి మంచినీళ్ళు అడిగింది.

టపా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. జోగన్న ఇంటిల్లిపాదికీ పాదాలు కొలిపించాడు. తిప్పన్న కాలు అతుక్కున్నాక ఎవరి రికాబులు వాళ్ళవే, ఎవరి వంతు వాళ్ళదే. ఊళ్ళోవాళ్ళూ కుంటడం మానేశారు, అందరూ హాయిగా ఉన్నారు. పాపం నేతి వర్తకుడికే కబురు ఆలస్యంగా అందింది, ఇంకో రెండు పెళ్ళిళ్ళకి కుంటుతూనే వెళ్ళాడు.

అందుకే పాపాయ్, అక్క జోళ్ళు కరుస్తుంటే పళ్ళు బిగబట్టుకుని తిరక్కు. నీ పాదం నీకు చెప్తుంది, అది విని అమ్మకి చెప్పు. ఇక కథ గుర్రమెక్కి కంచికి పోయింది, మనం దిండెక్కి నిద్రకి పోదాం.