బొద్దింకలకు చుట్టిన పన్నెండు మాత్రలు

పిల్లలూ, ఈ కథ చెప్పేవాళ్లెవరూ మనం ఉంటున్న ఈ దూరపు ఊళ్లో లేరు కనుక ఇది మీ చెవిన పడలేదు. నేను విన్నది విన్నట్టే చెబుతాను. మాత్రలు పదమూడని కొందరంటారు; నేను విన్న లెక్క పన్నెండే.

నల్లమల అంచున ఒక పల్లెలో శరభయ్య అనే వైద్యుడు ఉండేవాడు. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. చేతిలో ఉన్న పని పూర్తిచేసి, "పద" అనేవాడు. ఆయన దగ్గర ఏడేళ్లుగా మందులు నూరుతున్న కోటిలింగం ఒక సాయంత్రం చీపురు పట్టుకుని మందుల గదిలోంచి విసురుగా బయటికి వచ్చాడు.

"అయ్యవారూ, ఈ బొద్దింకను పుట్టించినవాడు ఏ ఉపయోగానికి పుట్టించాడంటారు? లేహ్యం జాడీ మూతికి కొత్త గుడ్డతో వాసెన కట్టి నాలుగు రోజులు కాలేదు, మళ్లీ దాని మీద నల్లటి రెట్టలు. కనబడినదాన్నల్లా చంపితే లోకానికి ఏం నష్టం?"

శరభయ్య "పద" అన్నాడు. ఊరి వెనక అడవిలో కూలి పడి ఉన్న ఒక మద్దిమానును కర్రతో పక్కకు ఒరిగించాడు. కింద తడి ఆకుల మధ్య గోధుమరంగు బొద్దింకలు చెల్లాచెదురయ్యాయి. అవి కొరికి వదిలిన ఆకులు నల్లగా, పొడిపొడిగా మట్టిలో కలుస్తున్నాయి. ఎక్కడినుంచో ఒక తొండ వచ్చి ఒకదాన్ని నోట కరుచుకుని పోయింది. ఆ మట్టిలోంచే శరభయ్య ఒక పిప్పలి వేరు తవ్వి శిష్యుడి చేతికిచ్చాడు.

"ఇక్కడ చంపుతావా?"

"ఇక్కడెందుకండీ? వాటి మానాన అవి బతుకుతున్నాయి."

శరభయ్య ఇంటిదారి పట్టాడు. కోటిలింగానికి తృప్తి కలగలేదు. అడవి సంగతి సరే, మందుల గది సంగతి తేల్చలేదే అనుకున్నాడు. గురువు స్నానానికి వెళ్లగానే పాషాణం ఉన్న పెట్టె తాళం తీశాడు. ఆ విషాన్ని బెల్లంలోనూ నువ్వులపిండిలోనూ కలిపి ముద్ద చేశాడు. ముద్దను ఎలా పడేసినా బొద్దింకలు తినేవే. కానీ ఏడేళ్ల అలవాటు అతని వేళ్లను ఊరుకోనివ్వలేదు. రేగిగింజంత పరిమాణంలో, ఒకదానికొకటి తేడా లేకుండా పన్నెండు మాత్రలు చుట్టాడు. మోదుగాకులో వరసగా పేర్చి, కాయం జాడీ వెనక గోడవార పెట్టాడు. కాయం అంటే శొంఠి, పిప్పళ్లు, బెల్లం కలిపి బాలింతలకు ఇచ్చే మందు. దాన్నీ అలాగే మాత్రలు చుడతారు. దాన్నీ మోదుగాకులోనే కడతారు.

తెల్లవారి చూస్తే ఆకు లేదు.

వాకిట్లో గురువుగారి అక్క సుబ్బాయమ్మ శొంఠిపొడి జల్లిస్తోంది.

"అత్తయ్యగారూ, కాయం జాడీ వెనక ఒక ఆకు..."

"ఏం పరధ్యానమయ్యా నీకు! చుట్టిన మాత్రలు నేల మీద వదిలేస్తావా? రత్తమ్మ కోడలికి ఇవాళ పురుటి స్నానం. వాళ్ల మనిషి వస్తే కట్టి ఇచ్చేశాను. నీకు శ్రమ తప్పించాను."

"అందులో పాషాణం ఉంది! అయ్యవారికి చెప్పండి!" అని అరుస్తూనే కోటిలింగం పరుగెత్తాడు. రత్తమ్మ ఇల్లు ఊరికి ఆ చివర. పురుడునాడు బాలింతకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఆ తరవాతే కాయం నోట పెట్టించడం ఆ ఊరి ఆచారం. నీళ్లు పోయడం అయిపోయి ఉంటుందా? పొగ వేసి ఉంటారా? తల్లి మింగితే పాలు తాగే పసిగుడ్డు మాటేమిటి? అడుగడుగునా అవే ప్రశ్నలు.

అతను గుమ్మంలో అడుగుపెట్టేసరికి రత్తమ్మ కోడలు మాణిక్యం తడిజుట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. అరచేతిలో ఒక మాత్ర ఉంది.

"ఏందయ్యా, బాలింత గదిలోకి అట్టా జొరబడతావా? సిగ్గులేదా?" రత్తమ్మ చేట అడ్డం పెట్టింది.

"పారెయ్యమ్మా! అది మందు కాదు, విషం!"

మాణిక్యం చెయ్యి విదిలించింది. నేల మీద దొర్లిన మాత్రను ఏరుకుని, ఆకులో ఉన్నవాటితో కలిపి కోటిలింగం లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు. పదకొండే.

"ఒకటి మింగావా, తల్లీ?"

"లేదన్నా. పొగ అయిందాకా అత్త తిననియ్యలా."

"మీరేమైనా..."

"నేనెందుకు తింటా? ఈ వయసులో నేను కన్నానా?"

మూలన మాణిక్యం మూడేళ్ల పెద్దకూతురు దేన్నో చప్పరిస్తోంది. కోటిలింగం దాని నోట్లో వేలు పెట్టి తీశాడు. వేలికి గోధుమరంగు జిగురు, తియ్యటి వాసన. "బెల్లం" అంది పిల్ల ఏడుస్తూ. బెల్లమే కావచ్చు. అతని మాత్రల్లో ఉన్నదీ బెల్లమే. ఉప్పునీళ్లు తాగించి కక్కించాడు. పన్నెండు చుడితే పదకొండే ఉన్నాయని అయ్యవారికి కబురు పంపాడు. తరవాత దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్లు చూశాడు, పొట్ట తడిమాడు, కళ్లు మూతపడితే తట్టి లేపాడు. పిల్లకు ఒకసారి ఎక్కిళ్లు వస్తే అతని ప్రాణం పోయినంత పనైంది. రత్తమ్మ తిట్టడం మానేసింది. ఆమె తిట్టకపోవడమే అతనికి మరీ భయం పుట్టించింది.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళ శరభయ్య వచ్చాడు. మోచేతుల దాకా దుమ్ము, గీరుకుపోయిన వేళ్లు. గుప్పిట విప్పాడు. పన్నెండో మాత్ర, ఒక పక్క కొరికి ఉంది.

"జాడీ వెనక గోడ పగిలి ఉంది. బొద్దింకలు దీన్ని లోపలికంటా లాక్కుపోయాయి" అని, పిల్ల నాడి చూసి, "దీనికి ఆకలేస్తోంది, అన్నం పెట్టండి" అన్నాడు.

కోటిలింగం పిల్లను రత్తమ్మ చేతికి అందించాడు.

ఇంటికి వచ్చాక అతను గురువు పాదాలు పట్టుకున్నాడు. "ఈ జన్మలో ఇక బొద్దింక జోలికి పోను, అయ్యవారూ."

"పోకపోతే ఎలా? పెంట మీద తిరిగిన కాళ్లతో అది బాలింత మందు మీద నడుస్తుంటే చూస్తూ కూర్చుంటావా?"

శరభయ్య సున్నం ముంత తెచ్చి పగులు ముందు పెట్టాడు. జాడీల కింద తడి తానే తుడిచాడు. కోటిలింగం సున్నం మెత్తడం మొదలుపెట్టాడు. వెనకనుంచి గురువు గొంతు వినిపించింది.

"విషం పెట్టినవాడు అది ఎవరింటికి పోయిందో వెతుక్కుంటూ పరుగెత్తాలి. సున్నం మెత్తినవాడు..." అని ఆగి, వంగి చూశాడు. "కింద ఇంకో సందు ఉంది. అదీ చూడు."

పిల్లలూ, మీకంటూ ఒక వంటిల్లు ఏర్పడి, అందులో మొదటి బొద్దింక కనబడిన రోజున, మీ చెయ్యి విషం డబ్బా అందుకునేలోగా, ఈ కథను ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు ఒకసారి చెప్పండి.