కొర్రమీను అప్పజెప్పిన పిల్లలు

అనగా అనగా ఒక ఏరు. దాని పేరు గవ్వలేరు. ఆ ఒడ్డున పోలయ్య అనే జాలరి ఉండేవాడు. అతనికి సూరీడమ్మ ఒక్కతే కూతురు. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చింది.

ఒకప్పుడు గవ్వలేటి నిండా కొర్రమీనులే. కాని పల్లెవాళ్లకు ఆత్రం పెరిగింది. పిల్లచేప కూడా జారిపోని సన్నకన్ను వలలు వేశారు. విషపు కాయలు దంచి మడుగుల్లో కలిపారు. గుడ్లు పెట్టే కాలమని కూడా చూడలేదు. ఏటేటా చేపలు తగ్గిపోయాయి.

ఆ ఏడు తొలకరికి సూరీడమ్మ ఆడపిల్లను కన్నది. బాలింత బాగా నీరసించింది.

"కొర్రమీను పులుసు పెట్టండి. ఒంట్లో సత్తువ వస్తుంది" అన్నాడు వైద్యుడు.

పోలయ్య గాలం, కుండ పట్టుకుని బయలుదేరాడు. ఏరంతా వెతికాడు. చివరకు రెల్లుపొదల చాటున చిన్న మడుగు కనిపించింది. నీటిమీద కుంకుమ చల్లినట్టు ఎర్రెర్రని చేపపిల్లలు. వాటి అడుగున పెద్ద కొర్రమీను.

గాలానికి కప్పను గుచ్చి పిల్లల మీదుగా ఆడించాడు. బిడ్డల మీదికి ఏదో వచ్చిందని చేప ఎగిరి కరిచింది. దొరికిపోయింది.

నీళ్లకుండలో వేయగానే అది మాట్లాడింది.

"అయ్యా, నన్ను ఎవరికోసం పట్టావు?"

"నా బిడ్డ కోసం."

"అయితే నీ మీద నాకు కోపం లేదు. నేనూ బిడ్డల తండ్రినే. వాళ్ల తల్లి మొన్న విషపు నీళ్లలో పోయింది. నన్ను తీసుకుపో. కాని వాళ్లు లోతుకు దిగడం నేర్చేదాకా నా బదులు నువ్వు కాపలా ఉండు."

పోలయ్య తలూపాడు. కుండను ఒడ్డున పెట్టి మొలలోతు నీళ్లలోకి దిగాడు.

మొదట కొంగ వచ్చింది. చేతులూపి తోలాడు. తరువాత నీటిపాము వచ్చింది. కర్రతో నీళ్లు కొట్టి తరిమాడు. ఎండకు నెత్తి మాడింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. 'తిండీ తిప్పలూ మాని ఈ చేప ఎట్లా కాసిందో!' అనుకున్నాడు.

మూడోసారి వచ్చింది మనిషి. పోలయ్య బావమరిది గంగులు, గంపెడు విషపు కాయల పొడితో.

"తప్పుకో బావా! ఈ పొడి కలిపితే చిన్నా పెద్దా అన్నీ తేలతాయి. మన సూరీడుకే ఇద్దాం."

"వద్దురా. ఇందులో పిల్లలున్నారు."

"ఎవరి పిల్లలు?"

"నా పిల్లలు."

గంగులు నవ్వబోయి ఆగిపోయాడు. ఎర్రని పిల్లలన్నీ తండ్రే అనుకుని పోలయ్య కాళ్లచుట్టూ ఒదిగి ఉన్నాయి. గంగులు గంప ఎత్తుకుని వెనుదిరిగాడు. ఏటికి దూరంగా గుంత తవ్వి పొడినంతా పూడ్చేశాడు.

పోలయ్య ఒడ్డుకొచ్చి కుండను మడుగులోకి వంచాడు.

"నీ పని నావల్ల కాదు. నీ బిడ్డల్ని నువ్వే చూసుకో తండ్రీ" అన్నాడు.

చేప నీళ్లలోకి జారింది. పిల్లలు బిలబిలమంటూ దాన్ని చుట్టుకున్నాయి.

ఉత్త చేతులతో ఇంటికి వెళ్లి, జరిగినదంతా దాచకుండా చెప్పాడు పోలయ్య. సూరీడమ్మ పాపను గుండెకు హత్తుకుంది.

"తెచ్చి వండినా నాకు ముద్ద దిగేది కాదు నాన్నా" అంది.

గంగులు తన ఇంటి కోడిని తెచ్చి పులుసు పెట్టించాడు. కొన్నాళ్లకు ఆమె తేరుకుంది.

విషమూ సన్నకన్ను వలలూ మానమంటూ బావా బావమరుదులు ఇల్లిల్లూ తిరిగారు. "మరి మా కడుపులెట్లా నిండుతాయి?" అని కొందరు కసిరారు. పోలయ్య వాళ్లను మడుగు దగ్గరికి తీసుకుపోయి, బిడ్డల కింద కాపున్న తండ్రిని చూపించాడు. పల్లె మెత్తబడింది. సన్నకన్ను వలలు కాల్చేశారు. విషం మానేశారు. పిల్లలు తేలే కాలంలో ఎవరూ వేటకు దిగలేదు. కొన్ని వానలు గడిచేసరికి గవ్వలేరు మళ్లీ మీనులతో మెరిసింది.

పిల్లచేపను బతకనిచ్చిన వారి పిల్లలనే ఏరు బతికిస్తుంది.