పెంచలయ్య కట్టిన కట్టలు

కేదారికి కాషాయం కావాలి. ఆ సంగతి సిద్ధయ్య స్వామిని అడిగి చాలాకాలమైంది. స్వామి ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అని వేరే పని చెప్పేవాడు.

ఉదయగిరి కొండల దిగువన చిన్న ఆశ్రమం అది. బడిపంతులు ఉద్యోగం వదులుకుని కేదారి అక్కడికి వచ్చాడు. భార్య భానుమతి చంటిబిడ్డను ఎత్తుకుని ఆత్మకూరులో తండ్రి ఇంటికి చేరింది. ఆమె దగ్గర్నుంచి ఒకసారి కబురు వచ్చింది. కేదారి బదులు పంపలేదు. సంసారం, సత్యం ఒక ఒరలో ఇమిడే కత్తులు కావని అతని నమ్మకం.

ఆశ్రమంలో అన్నిటికన్నా పెద్ద గది గ్రంథాలయం. అచ్చుపుస్తకాలు ఒక గోడకి, తాళపత్రాల కట్టలు ఇంకో గోడకి ఉండేవి. వాటిని చూసుకునేవాడు పెంచలయ్య. పక్క ఊళ్లోనే ఇల్లు, భార్య మస్తానమ్మ, ఇద్దరు కూతుళ్లు. వయసులో ఉన్నప్పుడు వచ్చి చేరిన మనిషి, జుట్టు నెరిసేదాకా అదే పని చేశాడు. ఎవరు ఏ పుస్తకం అడిగినా లేచి వెళ్లి తెచ్చి, తుడిచి, రెండు చేతులతో ఇచ్చేవాడు. ఉపదేశం తీసుకోలేదు. ధ్యానానికి కూర్చున్నది ఎవరూ చూడలేదు. అయినా స్వామి వచ్చినవాళ్లకు ఆయన్ని చూపించి, "మా పెద్ద శిష్యుడు" అనేవాడు. అది కేదారికి మింగుడుపడేది కాదు.

ఆ చలికాలంలో పెంచలయ్య పోయాడు. మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చినవాడు మళ్లీ లేవలేదు. కర్మలన్నీ ముగిశాక గ్రంథాలయంలోనే ఆయన్ని తలుచుకుందామని స్వామి చెప్పాడు. మాట్లాడే పని కేదారికి అప్పగించాడు.

తనకు పెట్టిన పరీక్ష ఇదేనని కేదారి అనుకున్నాడు. ఇందులో గట్టెక్కితే కాషాయం వచ్చినట్టే. రెండు రోజులు కూర్చుని రాశాడు. మంచి భాష పడింది. పెంచలయ్యను స్వామి శిష్యుడని ఎందుకంటాడో కూడా రాస్తూ రాస్తూ తేల్చుకున్నాడు. సంసారంలో ఉంటూనే సంసారాన్ని లోపల వదిలేసినవాడు కాబట్టి. సభ రోజు పొద్దున వేరుశనక్కాయలు ఒలుస్తున్న స్వామి ఎదుట కూర్చుని మొత్తం చదివి వినిపించాడు.

"పెంచలయ్యగారు గ్రంథాల కోసం ఇంటిని మరిచిన మహనీయులు" అన్న వాక్యం దగ్గర గొంతు కొంచెం పెంచాడు కూడా.

స్వామి ఒలిచిన గింజలు చేటలో పోసి, పొట్టు ఊదాడు.

"బాగుంది. మధ్యాహ్నం పెంచలయ్య ఇంటివాళ్లని పిలుచుకురావాలి కదా, నువ్వే వెళ్లు. ఆ కాగితం మస్తానమ్మకి ఒకసారి చదివి, సరేనంటే ఇక్కడ చదువు."

కేదారి వెళ్లేసరికి తల్లీకూతుళ్లు ముగ్గురూ వసారాలో ఉన్నారు. పెద్దమ్మాయి సుగుణ నెలలు నిండిన మనిషి, గోడకి ఆనుకుని కూర్చుంది. చిన్నది వెంగమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. మస్తానమ్మ పీట వేసి, మజ్జిగ ఇచ్చి, చదవమంది.

అతను చదివాడు. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. ఇంటిని మరిచిన మహనీయుడి దగ్గరికి వచ్చేసరికి వెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుగుణ ఆపుకోలేక నవ్వేసింది.

"ఇది ఎవర్ని గురించన్నా?" అంది వెంగమ్మ.

"మీ నాయన్ని గురించే."

"మా నాయనా? మరిచిపోయుంటే మా నెత్తులు బాగుపడేవి."

తర్వాత ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పుకొచ్చారు. తెల్లారకముందే తల్లి నాట్లకు వెళ్లిపోతే పిల్లలకి జడలు వేసింది ఆయనే. గ్రంథాలయం తలుపు దగ్గర ఎంత పెద్దమనిషి వచ్చి నిలబడ్డా జడలయ్యాకే తాళం తీసేవాడు. తాళపత్రాల కట్టను ఎలా బిగిస్తాడో జడనూ అలాగే బిగించేవాడు. కళ్లు పైకి లాక్కుపోయేవి, బళ్లో పిల్లలు నవ్వేవాళ్లు. అన్నాల దగ్గర ఆ రోజు చదివిన కథ చెప్పేవాడు. కథ సగంలో ఆపి, కంచాల్లో మెతుకు మిగలకపోతేనే మిగతాది. సుగుణ పెళ్లయి వెళ్లాక కూడా పండక్కి వస్తే, "ఆ కథ మిగతాది చెప్పు నాయనా" అని కంచం ముందుకు తోసేదట.

మస్తానమ్మ ఎక్కువ మాట్లాడలేదు. చివర్లో మాత్రం అంది. "నువ్వు రాసింది పెద్ద మాట నాయనా. కానీ అది విని ఈ ఊళ్లో ఎవరన్నా, పాపం ఈమెకు మొగుడున్నా లేనట్టే అనుకుంటే? నాకా లోటు లేదు."

ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వస్తూ దారిలో కేదారి ఆ వాక్యం కొట్టేశాడు. అది పోతే దాని ముందుది నిలవలేదు. దాని తర్వాతది అర్థం లేకుండా పోయింది. ఆశ్రమం చేరేసరికి కాగితంలో మిగిలింది పెంచలయ్య పుట్టిన ఊరు, పోయిన రోజు మాత్రమే.

గ్రంథాలయంలో అప్పటికే జనం చాపల మీద కూర్చున్నారు. కేదారి స్వామి దగ్గరికి వెళ్లి, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని మెల్లిగా చెప్పాడు.

"అయితే ఆ అరలోంచి ఒక కట్ట పట్రా" అన్నాడు స్వామి.

"ఏది స్వామీ?"

"ఏదైనా సరే."

చేతికందిన కట్ట తెచ్చాడు. స్వామి తాడు విప్పి, చుట్టిన గుడ్డ తీసి, పత్రాలను కేదారి ఒళ్లో పెట్టాడు. గుడ్డను మస్తానమ్మకి అందించాడు.

నీలం అద్దకం వెలిసిపోయి బూడిదరంగుకు తిరిగిన నూలుగుడ్డ అది. మస్తానమ్మ దాన్ని ఒళ్లో పరుచుకుని అంచు వేళ్లతో తడిమింది. ముఖం విప్పారింది.

"ఇది సుగుణకి ఉయ్యాల కట్టిన చీర" అంది.

కూతుళ్లిద్దరూ దగ్గరికి జరిగారు. ఉయ్యాల అవసరం తీరాక పెంచలయ్యే చీర చింపి నాలుగు కట్టలకు చుట్టాడట. మిగతావి ఏవని వెంగమ్మ లేచి అర దగ్గరికి నడిచింది. ఈ ఆకుపచ్చది అమ్మ నాట్లకు కట్టుకుపోయేది. ఈ పసుపుది పిన్నమ్మ పెళ్లికి పెట్టింది, మొదటి ఉతుక్కే రంగు దిగిందని అమ్మ షాపు వాణ్ని తిట్టింది. చాపల మీద ఉన్న ఆడవాళ్లు కూడా లేచారు. ఒకామె తన చీర ముక్క కూడా ఇక్కడే ఉండాలంది, మస్తానమ్మ చీరలు చాలకపోతే తానూ ఒకటి ఇచ్చానని. కాసేపటికి సభలో కూర్చున్నవాళ్లే లేరు. గది పెళ్లిల్లులా ఉంది.

కేదారి ఆ గుడ్డల్ని రోజూ చూసినవాడే. ఇన్ని రంగులేమిటి, అన్నిటికీ ఒకే గుడ్డ చుట్టకూడదా అనుకున్నాడు తప్ప, ఎక్కడివని అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

స్వామి అతని వైపు తిరిగి, "విను. పెంచలయ్య గురించి చెబుతున్నారు" అన్నాడు.

వెళ్లేముందు సుగుణ కొంచెం మొహమాటపడుతూ ఆ నీలం గుడ్డ అడిగింది, పుట్టబోయే బిడ్డకని. స్వామి తలూపాడు. ఆమె దాన్ని చక్కగా మడిచి చంకన పెట్టుకుని తల్లి వెంట నడిచింది.

అందరూ వెళ్లాక గదిలో ఇద్దరే మిగిలారు. గుడ్డ లేని కట్ట ఇంకా కేదారి ఒళ్లోనే ఉంది. దుమ్ము పడకుండా అరచేతులు కప్పి పట్టుకున్నాడు.

"సామాన్ల గదిలో కొత్త కాషాయం గుడ్డ ఉంది స్వామీ. ఒక ముక్క కత్తిరించి చుట్టమంటారా?"

"వద్దు. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, పురుగు పడుతుంది. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుచీర కావాలి. ఇన్నేళ్లూ పెంచలయ్య ఇంట్లోంచి తెచ్చాడు."

కేదారి తలెత్తి చూశాడు.

"ఆత్మకూరు వెళ్లు. భానుమతిని ఒక పాత చీర అడిగి పట్రా."

కేదారి ఒళ్లోని పత్రాల అంచులు సరిచేశాడు.

"ఇవ్వనంటే స్వామీ?"

స్వామి అతని ఒళ్లోంచి కట్ట తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇచ్చేదాకా అక్కడే ఉండు."