ఊ కొట్టడం

భాగవతారిణి సుభద్రమ్మ గారిని సూటిగా ప్రశ్న అడిగి సూటిగా జవాబు పుచ్చుకున్నవాళ్లు బొబ్బిలిలో లేరు. చారులో ఉప్పెంత వేయాలని అడిగినా ఆవిడ ఓ పిట్టకథ ఎత్తుకుంటారు. హరికథ నేర్పేవారు మరి, ఏం చేస్తాం.

ఆ సంగతి తెలిసీ జోషిత అడిగింది. ఇంటర్ చదువుతూ ఆవిడ దగ్గర పాఠం నేర్చుకునే పిల్ల. తను పాడిన హరికథ ముక్కలు ఫోనులో పెడితే వేలమంది చూస్తారు, లైకులు కుప్పలుగా వచ్చిపడతాయి.

"గురువుగారూ, ఇంతమంది నన్ను మెచ్చుకుంటున్నారు గదా. మరి నాకెవరూ లేనట్టు ఎందుకుంటుంది?" నవ్వుతూనే అడిగింది.

"నిన్న పొద్దుట్నించీ ఏం జరిగిందో కథలా చెప్పు. నేను ఊ కొడతాను," అన్నారావిడ, తమలపాకుకి సున్నం రాసుకుంటూ.

బస్సులో సీటు దొరికిందండి, అంది జోషిత. "ఊ." కొత్త వీడియో సూపరన్నారు అందరూ. "ఊ." మధ్యాహ్నం భోజనాలప్పుడు నన్నెవరూ రమ్మనలేదు. "ఊ." ఇదివరకు పిలిచేవాళ్లే, నేనే ఫోనులో పడి వెళ్లేదాన్ని కాదు, వాళ్లూ మానేశారు. "ఊ." ఒక్కత్తినీ కూచుని తింటే అందరూ చూస్తారని సిగ్గేసి, బాక్సులో అన్నం కుళాయి వెనకాల పారబోశాను. "ఊ."

సీటు దొరికినా అదే ఊ, అన్నం పారబోసినా అదే ఊ. పిల్లకి ఉక్రోషం ముంచుకొచ్చింది.

"అసలు వింటున్నారా మీరు?"

"ఊ."

జోషితకి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అంతలో వాకిట్లో చిడతలు సాధన చేసుకుంటున్న నూకరత్నం, వాటిని అక్కడే పడేసి లోపలికొచ్చింది. కొత్తగా చేరిన పిల్ల. ఇన్నాళ్లూ నోరు విప్పి ఎవరితోనూ మాట్లాడింది లేదు.

"రోజూ పారబోసెత్తన్నావేటే?" అంది.

జోషిత తల దించుకుంది. ఆ మాట ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు పాపం.

"నాదీ మీ కాలేజీయే. సైకిల్ స్టాండు కాడ కూకుని తింతాను, ఒక్కద్దాన్నే. రేపట్నించి నువ్వూ వచ్చీ," అంది నూకరత్నం. "ముందు ఇది చెప్పు. ఇయ్యాల తిన్నావా?"

లేదంటూనే జోషిత భోరున ఏడ్చేసింది. నూకరత్నం పక్కన కూలబడి, ఎందుకు తినలేదే, అమ్మకెందుకు చెప్పలేదే అని ఒకటే సతాయింపు. ఏడుస్తూనే జోషిత అన్నిటికీ జవాబు చెప్పింది. ఆ పూట పాఠం సాగలేదు.

వెళ్లబోతూ జోషిత గుమ్మంలో ఆగింది. "గురువుగారూ, నా ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు."

సుభద్రమ్మ గారు ఆకు మడిచి బుగ్గన పెట్టుకున్నారు.

"ఊ కొట్టడానికేం తల్లీ, ఎంతమందైనా కొడతారు. నీ కథకి అడ్డొచ్చింది చూడు ఆ పిల్ల, దాన్ని వదులుకోకు."