తుమ్మచెట్టు వెలేసిన తీతువు

చెప్పు, ఎండిన వాగు దాటి వస్తుంటే ఏం చూశావు? ఓ పిట్ట నెత్తి మీదికి దూసుకొచ్చి గోలగోలగా అరిచిందా? నువ్వేమో అపశకునం అంటూ రాయి తీసుకున్నావు. ఆ రాయి కింద పడేసి కూర్చో. ముందు సంగతి విను.

ఒకప్పుడు తీతువు వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీదే కాపురం ఉండేది. నెమ్మదైన పిట్ట. పక్క కొమ్మకు కూడా వినపడనంత మెల్లగా మాట్లాడేది.

ఆ చెట్టుకు కొంగయ్య పెద్ద. ఎప్పుడు చూసినా నలగని తెల్లటి రెక్కలు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఆకు కూడా కదలకూడదు.

ఓ మధ్యాహ్నం గోరింక గూటివైపు పాము పాకుతూ వచ్చింది. తీతువు చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు చించుకుని అరిచింది. పాము బెదిరి జారిపోయింది. గోరింక పిల్లలు బతికాయి. కానీ కొంగయ్య ఉలిక్కిపడి లేచాడు. ముక్కున పట్టుకున్న చేప కాస్తా వాగులో పడింది.

చేప పోయింది మరి! వెంటనే పంచాయితీ పెట్టారు.

“చెట్టు పరువేం కావాలి? దీన్ని వెలేస్తున్నాం. దీంతో మాట్లాడినవాళ్లకు ఇక్కడ కొమ్మ ఉండదు. ఒప్పుకున్నవాళ్లు రెక్క ఎత్తండి,” అన్నాడు కొంగయ్య.

అందరికంటే ముందు గోరింక రెక్క లేచింది.

“వదినా, అరిచింది నీ పిల్లల కోసమే కదా! నేనేమో గుడ్లు పెట్టే రోజుల్లో ఉన్నాను. ఎక్కడికి పోను?” అంది తీతువు.

గోరింక పైనేదో కొత్తగా కనపడినట్టు ఆకాశం చూసింది.

తీతువు నేలకు దిగింది. మర్నాడు బలిసిన పురుగులు ఏరి తెచ్చి చెట్టు మొదట్లో పెట్టింది. అందరూ దిగొచ్చి తిన్నారు. ఒక్కరూ పలకరించలేదు. తిట్టినా బాగుండేది. ఎదురుగా నిలబడితే ఖాళీ చోటును చూసినట్టు చూసేవాళ్లు. పోనుపోను దానికే అనుమానం వచ్చింది: ఇంతకీ నేను ఉన్నానా?

గులకరాళ్ల మధ్యే నాలుగు గుడ్లు పెట్టింది. అవీ రాళ్లలాగే ఉన్నాయి. ఓ రోజు గేదె ఒకటి నేరుగా వాటి మీదికే నడిచొచ్చింది. గిట్ట ఎత్తింది.

తీతువు దాని కళ్ల ముందుకెగిరి ప్రాణం పెట్టి అరిచింది.

“ఏమే, చెవులు పగలగొడతావా? నోరు చూడు, నువ్వు చూడు!” అని కసిరి గేదె పక్కకు తిరిగింది.

గుడ్లు దక్కాయి. తీతువు ఒళ్లు పులకరించింది. తిట్టయితేనేం? ఇన్నాళ్లకు ఒకరు తనను ‘నువ్వు’ అన్నారు!

ఇక అక్కణ్నుంచి ఎవరొచ్చినా అరిచింది. పాము మళ్లీ వచ్చినప్పుడూ అరిచింది. చెట్టు మీద పిల్లలన్నీ బతికాయి.

“చూశారా? వెలేసినా నోరు తగ్గలేదు,” అన్నాడు కొంగయ్య.

గోరింక మాత్రం తన పిల్లలవైపు తిరిగి, కిందికి వినపడేలా అంది: “ఆ అరిచేదేదో కొంతమంది కాస్త ముందే అరిస్తే ఏం పోయింది?”

అప్పటినుంచే తీతువు నేల మీద గుడ్లు పెడుతోంది. అలికిడైతే చాలు, నెత్తి మీదికొచ్చి అరుస్తోంది. ఆ అరుపు విని చెట్టంతా ప్రాణాలు దక్కించుకుంటుంది, దాన్నే అపశకునం అంటుంది. నువ్వు రాయి విసిరితే తీతువు మాత్రం ‘పోన్లే, కనపడ్డాను’ అనుకుంటుంది.

సరే, ఇప్పుడు చెప్పు. ఆ పంచాయితీలో నువ్వూ కూర్చుని ఉంటే, నీ రెక్క ఎక్కడుండేది?