సన్నాయి ముత్యాలు పాట, బావగారి డబ్బా

ముక్కిడిపాలెంలో సన్నాయోళ్ళ ఇంటికి తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అనగా ఎవరూ వినలేదు గానీ, ఆ ఇంట్లో వాళ్ళు మాత్రం రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకళ్ళతో ఒకళ్ళు అనుకుంటారు.

"ఒరే, మనకున్న తెలివి పక్క ఊరికి కూడా సరిపోద్దిరా" అంటాడు పెద్దోడు గవర్రాజు.

"ఇవ్వకన్నియ్యా. ఇచ్చేస్తే మనకి తగ్గిపోద్ది" అంటాడు నడిపోడు పైడియ్య.

"తగ్గితే మళ్ళీ ఊరుద్దిలే, నుయ్యిలాగ" అంటాడు చిన్నోడు సింహాద్రి.

"ఊరితే ఊరింది గానీ మూతెట్టుకోండి, ఈగలు పడతాయి" అంటుంది గవర్రాజు పెళ్ళాం నూకరత్నం.

మొన్నటికి మొన్న జోరున వాన పడుతుంటే పైడియ్య గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని ఇంటికొచ్చాడు. పొడిపొడిగా ఉన్న గొడుగు తీసి చూపించాడు. ఆ పూట ఇంటిల్లిపాదికీ గర్వంతో అన్నం సహించలేదు. పైడియ్యకి మాత్రం జ్వరంతో సహించలేదు.

ఆ ఇంటి పెద్దాయన సన్నాయి ముత్యాలు. ఆయన సన్నాయి ఎత్తితే పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు తాళి చేతిలో పట్టుకుని అలా వింటూ ఉండిపోయేవాడని చెప్పుకునేవారు. కొడుకులకి ఆ విద్య అబ్బలేదు. ముగ్గురూ ఒత్తు పట్టారు. ఒత్తు అంటే ఒకటే స్వరం ఆపకుండా ఊదుతూ ఉండే సన్నాయి. పెద్దాయన ఊపిరి పీల్చుకునే సందులో పాట ఖాళీగా ఉండకుండా అది మోగుతుండాలి. ఆ పని మాత్రం వీళ్ళు బాగా చేశారు. ఒక్కోసారి పెళ్ళయిపోయి జనం వెళ్ళిపోయినా ఊదుతూనే ఉండేవారు, ఆపమని ఎవరూ చెప్పలేదని.

పెద్దాయన పోయి ఏడాదయింది. తల్లి అచ్చియ్యమ్మకి ఆ సన్నాయి వినక చెవులు ఎండిపోయాయి. తద్దినం నాడు పొద్దున్నే ఆవిడ ముగ్గుర్నీ పిలిచింది.

"ఒరే గవర్రాజూ, మీ నాన్న సన్నాయి ఎవరో పట్నం వాళ్ళు రికార్డు చేసుకెళ్ళారు గదా. అది అల్లుడు గారు తెచ్చి మన ఇంట్లో పెట్టి నెల దాటింది. ఇంతవరకూ పీ అనలేదు, పా అనలేదు. ఇవాళ భోజనాల వేళకి నాకు వినిపించారా, ఈ ఇంట్లోనే ఉంటాను. లేదా, భోజనానికొచ్చే అల్లుడు గారితో ఆటో ఎక్కి కూతురింటికి పోతాను. మరి రాను."

గవర్రాజు లెక్క వేసుకున్నాడు. పొద్దున్నే అచ్చియ్యమ్మ దగ్గితేనే ఆ ఇంట్లో అందరికీ తెల్లారినట్టు తెలుస్తుంది. ఆవిడ వెళ్ళిపోతే ఇక ఆ ఇంటికి తెల్లారదు. ఊళ్ళో వాళ్ళు తల్లిని పెట్టుకోలేని కొడుకని మొహం మీదే అంటారు.

"నేనున్నాను గదమ్మా" అన్నాడు. అన్నాడే గానీ అల్లుడు తెచ్చి పెట్టిన ఆ యంత్రాల జోలికి అంతవరకూ పోయిన మనిషి కాదు.

అల్లుడు పరదేశికి పాటల పిచ్చి. పాట ఎంత సన్నగా, ఎంత శుభ్రంగా వినపడుతుందో అన్న ధ్యాసలో పడి, అది ఏ పాటో మర్చిపోయే రకం. ఆయన తన పాత కంప్యూటరూ, రెండు స్పీకర్లూ, వాటి నడుమ ఓ నల్ల డబ్బా తెచ్చి పెట్టాడు. కంప్యూటర్లో పాట అంకెల్లా ఉంటుందట. ఆ అంకెల్ని డబ్బా శబ్దంగా మార్చి స్పీకర్లకి అందిస్తుందట. "మామయ్య పెదవి తడుపుకున్న చప్పుడు కూడా వినపడుతుంది బావా. అంత మేలురకం రికార్డు!" అని చెప్పి వెళ్ళాడు.

గవర్రాజు పాట పెట్టాడు. కంప్యూటరు లోపల్నించి దోమ ముక్కుతో పాడినట్టు వచ్చింది. డబ్బాకి దీపం కూడా వెలగలేదు. బావకి ఫోను చేశాడు.

"శబ్దం దాని సొంత గొంతులోంచి వచ్చేస్తోంది బావా. డబ్బాలోకి పంపమని కంప్యూటరుకి చెప్పు" అన్నాడు పరదేశి.

అంతే. గవర్రాజు కాళ్ళు కడుక్కుని, కండువా నడుముకి చుట్టి, కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, తమరు శబ్దం అటు పంపాలండి."

కంప్యూటరు పలకలేదు.

"ఆ మెతకదనం పనికిరాదు" అంది నూకరత్నం. "మా పుట్టింట్లో గేదెనైనా గట్టిగానే అదిలిస్తాం. ఏయ్! పంపుతావా, పంపవా?"

"చెవిలో చెప్పాలి వదినా. ఎదురుగా అరిస్తే దానికి సిగ్గేస్తుంది" అని సింహాద్రి పక్కనున్న చిల్లుల్లో నోరు పెట్టి గుసగుసలాడాడు. లోపల్నించి వెచ్చటి గాలి మొహాన కొట్టింది. "నిట్టూర్చింది! మనసు కరుగుతోంది!" అన్నాడు.

పరదేశి ఫోనులో ఇదంతా విని, "ఏం చేస్తున్నారు బావా?" అన్నాడు.

"చెప్తున్నాం, వినట్లేదు. నీ ఇంట్లో పెరిగింది గదా, మీ వాళ్ళలాగే మొండిది."

పరదేశి, తెర మీద కింద మూల ఉన్న స్పీకరు బొమ్మ నొక్కి, వచ్చిన పేర్లలో డబ్బా పేరు ఎంచుకోమన్నాడు. నొక్కారు. డబ్బాకి నీలం దీపం వెలిగింది. స్పీకర్లలోంచి సన్నాయీ వచ్చింది, దాని వెనకే జుంయ్‌మని తేనెటీగల రొదా వచ్చింది.

"డబ్బా కంప్యూటరుని ఆనుకుని ఉందా? అయితే రొద పట్టేస్తుంది. దూరంగా జరిపి పెట్టండి" అన్నాడు పరదేశి.

ఇంకేముంది! పైడియ్య డబ్బాని సంకనేసుకున్నాడు. గడప దాటాడు. తీగ చాల్లేదు, ఊడొచ్చింది. ఊడితే ఊడిందని వీధి దాటాడు. వీధి దాటితే చాలదేమోనని రైసుమిల్లు దాటి, ఊరి చివర పశువుల ఆసుపత్రి అరుగు మీద డబ్బాని కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు.

గవర్రాజు స్పీకరుకి చెవి ఆనించి విన్నాడు. మొహం వెలిగిపోయింది.

"బావా! రొద పోయింది! ఒక్క చుక్క లేదు!"

"చూశావా! మరి పాటో?"

"పాటా లేదు."

"అదేంటి? డబ్బా ఎక్కడుంది?"

"చాలా దూరంగా ఉంది. పైడియ్య ఇంకా దూరం పోయేవాడే గానీ ఏరు అడ్డమొచ్చిందని కబురంపాడు."

పరదేశి నెత్తి కొట్టుకున్న చప్పుడు ఫోనులో శుభ్రంగా వినపడింది. డబ్బాని వెనక్కి తెప్పించి, జానెడు ఎడంలో పెట్టించాడు. రొద తగ్గింది. సన్నాయి పలికింది. అక్కడితో ఊరుకుంటే కథ అయిపోయేది. కానీ పరదేశి ఊరుకునే మనిషి కాదు.

"ఇంకా బాగుండేలా చేద్దాం బావా. పాటలో అంకెలు పెంచి దాన్ని పెద్దది చేసే మీట ఒకటుంది, అది నొక్కు."

"ఇప్పుడు బాగానే ఉంది గదా?"

"బాగానే ఉండటం వేరు, బాగుండటం వేరు."

తెలివైన మాటలా ఉందని గవర్రాజు నొక్కాడు. అంతే, సన్నాయికి నత్తి పట్టుకుంది. పీ అని ఆగడం, టక్ అనడం, మళ్ళీ పీ అనడం. లోపల అచ్చియ్యమ్మ విని, "అయ్యో, ఆయనకి ఎక్కిళ్ళు! మంచినీళ్ళివ్వండ్రా!" అంది. సింహాద్రి చెంబుతో పరిగెత్తుకొస్తే గవర్రాజు కంప్యూటరుకి అడ్డంగా పడుకున్నాడు.

పరదేశి అప్పటికి ఆటో ఎక్కేశాడు. ఇంజను గోలలో అరుస్తున్నాడు. "అది ఒకేసారి ఇన్ని పనులు చెయ్యలేదు బావా! ఈ పాట తప్ప మిగతా పనులన్నీ ఆపించెయ్యి!"

గవర్రాజు నడవలో నిలబడి చాటింపు వేశాడు. "ఎవరి పని వాళ్ళు ఆపెయ్యండహో!"

నూకరత్నం గారెలు వేయిస్తోంది. చిల్లుల గరిటె నూనెలో పెట్టి అలాగే ఉండిపోయింది. పైడియ్య గేదె దగ్గర కూర్చున్నాడు. చేతులు పైకెత్తేశాడు. దూడ వచ్చి పాలన్నీ తాగేసింది. సింహాద్రి నోట్లో వేపపుల్ల ఉండగానే బిగుసుకుపోయాడు. పెరట్లో అచ్చియ్యమ్మ తలంటుకుంటోంది.

"ఒరే, కుంకుడురసం కళ్ళల్లో పడిందిరా! మంట! నీళ్ళు పోసుకోనీరా!"

"పోసుకోడం పనేనమ్మా. నాన్న కోసం కాస్త ఓర్చుకో."

"ఏమండీ, గారెలు మాడుతున్నాయి" అంది నూకరత్నం కదలకుండా.

"తియ్యకు. తియ్యడం పని. మాడటం నీ పని కాదు, గారెల పని."

"మరి వాటినీ ఆగమనండి!"

గవర్రాజు గారెల్ని ఆగమన్నాడు. ఆగలేదు. పొగ చూసి పక్కింటి వాళ్ళు పరిగెత్తుకొచ్చి పొయ్యి మీదా, గారెల మీదా, అచ్చియ్యమ్మ మీదా నీళ్ళు గుమ్మరించి పోయారు. అచ్చియ్యమ్మకి మాత్రం కళ్ళు చల్లబడ్డాయి. తుడుచుకుని, తిన్నగా లోపలికెళ్ళి బట్టలు మూట కట్టుకోవడం మొదలెట్టింది.

ఆ మూట చూసి గవర్రాజు మళ్ళీ ఫోను చేశాడు. "అన్నీ ఆపాం బావా. ఇంకా నత్తే."

"అయితే ఆ పెద్దది చేసే పనే దానికి బరువైంది. అది తేలికైన పనా? పాటంతా చుక్కలు చుక్కలుగా ఉంటుంది. చుక్కకీ చుక్కకీ నడుమ ఖాళీలో లేని చుక్కలు పుట్టించాలి. అటు చూసి, ఇటు చూసి, నడుమ ఏముండాలో తనే ఊహించుకుని నింపాలి!"

"అంత తెలివైందా!"

"మరేమనుకున్నావు! దాని బరువు తగ్గించు బావా..." ఆ పెద్దది చేసే మీట ఆపెయ్యమని చెప్పబోయాడు పరదేశి. ఆటో వంతెన కిందకి పోయింది. ఫోను తెగిపోయింది.

అన్నదమ్ములు ముగ్గురూ తలలు దగ్గర పెట్టారు. ముందు పైడియ్య తల ఎత్తాడు. మొహం మీద ఆ పొడిగొడుగు నాటి వెలుగు.

"అన్నియ్యా, నాన్న ఊపిరి పీల్చుకునే సందు ఎవరు నింపేవారు?"

"మనమే, ఒత్తు పట్టి."

"మనం ఒక్క స్వరమొచ్చిన వాళ్ళమే అంత సందు నింపామే! అటూ ఇటూ చూసి నడుమది ఊహించుకునే డబ్బా ఎంత నింపాలి? దానికి పాటంతా ఎందుకివ్వడం? మొదలు కాసింత, చివర కాసింత ఇద్దాం. నడుమది అదే నింపుకుంటుంది. బరువూ తగ్గుద్ది!"

గవర్రాజు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. సింహాద్రికి ఊళ్ళో కుర్రాళ్ళ ఫోనులకి పాట ముక్కలు కత్తిరించి పెట్టడం వచ్చు. కూర్చుని, పాట నడుమంతా కోసి పారేశాడు. పాతది కూడా ఉంచాలా, చెరిపేసి దాని చోట కొత్తది పెట్టాలా అని కంప్యూటరు అడిగింది.

"ఒక ఇంట్లో ఇద్దరు నాన్నలేంటి, అసయ్యంగా! చెరిపెయ్" అన్నాడు గవర్రాజు.

చెరిపేశాడు.

పాట పెట్టారు. నత్తి లేదు! ఎక్కిళ్ళు లేవు! గవర్రాజు పరుగున వెళ్ళి తల్లిని మూటతో సహా ఎత్తుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. ముత్యాలు పెదవి తడుపుకున్న చప్పుడు వినపడింది. అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీ... అని ఒక్క స్వరం నిండుగా లేచింది. ఆ వెంటనే ఇంకో స్వరం పీ... అని దిగింది. ఆ పైన "హమ్మయ్య" అన్నాడు ముత్యాలు. పాట ఆగిపోయింది.

"అయిపోయిందా?" అంది అచ్చియ్యమ్మ.

"అప్పుడేనా!" అన్నాడు గవర్రాజు. "అటుదీ ఇటుదీ నాన్న చూపించాడు. నడుమది డబ్బా ఊహించుకుంటోంది. కూర్చో."

కూర్చుంది. అందరూ కూర్చున్నారు. నీలం దీపం వైపు చూస్తూ, చీమ చిటుక్కుమనకుండా.

పరదేశి వచ్చేసరికి మాడిన గారెల వాసన, తడిసిన పొయ్యి, చప్పుడు లేని స్పీకర్ల ముందు భక్తిగా ఐదుగురు. సంగతి విన్నాడు. గోడకి చేరబడ్డాడు.

"లేనిది ఎక్కణ్ణించి తెస్తుంది బావా? వెంట్రుకంత సందైతే నింపుద్ది గానీ, పాట పాటంతా పుట్టిస్తుందా?"

"మా నాన్న పాట గదా. టైం పట్టుద్ది" అన్నాడు గవర్రాజు.

పరదేశి జేబులోంచి ఫోను తీశాడు. అందులో పాట మొత్తం ఉంది. ఫోనులో పాట వినడమంటే ఆయన దృష్టిలో ఎంగిలి విస్తట్లో తినడం. సిగ్గుతో మొహం పక్కకి తిప్పుకుని నొక్కాడు.

సన్నాయి మొదలైంది. ముత్యాలు సన్నాయి, మొదటినించి, నడుమతో సహా. నడవంతా నిండిపోయింది. ఊపిరి తీసే సందుల్లో కొడుకుల ఒత్తు కూడా వినపడుతోంది. అచ్చియ్యమ్మ వేళ్ళు మోకాలి మీద తాళం వెయ్యడం మొదలెట్టాయి. దోమ కుట్టిందేమోననుకున్నాడు గవర్రాజు. తనకీ గొంతులో ఏదో అడ్డం పడింది. గారె ముక్కేమోననుకున్నాడు, కానీ పొద్దుటినించీ ఏమీ తినలేదని గుర్తొచ్చి ఆశ్చర్యపోయాడు.

అచ్చియ్యమ్మ ఒక్కసారి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవడ్రా అది? మా ఆయన ఇప్పుడో ఇంకాసేపట్లోనో మొదలెడతాడని నేను కూర్చుంటే, నడుమలో ఎవడో వాయించేస్తున్నాడు!"

"అది మామయ్యే అత్తా!"

"ఆయనైతే డబ్బాలోంచి వస్తాడు గానీ జేబులోంచి వస్తాడేంటి? ఆపండి అల్లుడు గారూ! ఆ గోలకి డబ్బా ఊహించుకున్నదంతా మర్చిపోగలదు!"

"మరి ఆటో బయట..."

"నేనెక్కడికొస్తాను? నేను లేనప్పుడు నడుమది వచ్చేస్తే?" అని మూట విప్పి, అందులోంచి దుప్పటి తీసి పీట మీద మడిచి, దాని మీద స్థిరంగా కూర్చుంది.

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఉండిపోయింది! తన తెలివితోనే ఉండిపోయింది! ఆ సంతోషంలో బావని భుజం పట్టుకుని మర్యాదగా వీధి అరుగు మీదికి నడిపించాడు. ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

"ఏమీ అనుకోకు బావా" అన్నాడు గుసగుసగా. "మా నాన్న సన్నాయి వినాలనుంటే ఇక్కడ అరుగు మీద కూర్చుని విను. మేము లోపల మా నాన్న సన్నాయి వినాలి."

లోపలికెళ్ళి, చప్పుడు కాకుండా తలుపేశాడు.