ఎర్రంచు ముడి

ఒక కొండ మీద పైన్ అడవి ఉంది. చుట్టూ కంచె, లోపలికి ఒకటే దారి, ఛాతీ ఎత్తున ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గర ఒక ముసలి కాపలాదారు కూర్చుని ఉండేవాడు.

లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ అతను నాలుగు మాటలు చెప్పేవాడు. దారి దిగొద్దు. నిప్పు ముట్టించొద్దు. ఎండుకాయ ఒక్కటైనా తేవద్దు. మీది ఏదీ అక్కడ వదలొద్దు. తిరిగి వచ్చేవాళ్ళకి ఇంకో పని పెట్టేవాడు. ఆడవాళ్ళయితే కొంగు, మగవాళ్ళయితే కండువా, తలుపు దాటకముందే దులపాలి. బట్టలకి అంటుకున్న పైన్ సూదులు, అంటే ఆ చెట్ల సన్నటి ఆకులు, అడవిలోనే రాలాలి. కొందరు నవ్వుకునేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు, మొత్తానికి అందరూ దులిపే బయటపడేవాళ్ళు.

కొండకింద ఊళ్ళో ఒక నేతగత్తె ఉండేది. ఏడాది పొడవునా మగ్గం చప్పుడే ఆమె లోకం. వానాకాలంలో మగ్గం గుంటలో నీళ్ళూరి కొన్నాళ్ళు పని ఆగిపోయేది. అప్పుడు వాన తెరిపిచ్చిన రోజు చూసుకుని కొండెక్కేది. పైన్ చెట్ల కింద గాలి చప్పుడు తప్ప మరొకటి వినబడదు. ఆ ఒక్క పూట నెమ్మదిని దాచుకుని ఏడాదంతా నెట్టుకొచ్చేది.

కాపలాదారు చెప్పే నాలుగు మాటలూ ఆమెకి కంఠతా వచ్చు. అన్నంమూట విప్పితే మెతుకు కింద పడనిచ్చేది కాదు. దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ అడవికి అంత బుద్ధిగా వచ్చిపోయే మనిషి ఇంకొకరు లేరు. ఇలాంటి మనిషి వల్ల ఆ అడవికి కీడు జరుగుతుందంటే నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

ఒక ఏడు, దారి మలుపులో ఆమెకి ఒక పైన్ మొక్క కనబడింది. మోకాలెత్తు కూడా లేదు. దాని మొదలు పక్కనే ఎవరిదో చెప్పు ముద్ర, ఇంకా తడి ఆరలేదు. బెత్తెడు ఇటు పడుంటే మొక్క నేలమట్టమయ్యేది.

ఇటూ అటూ చూసింది. ఎవరూ లేరు. కొంగుకున్న ఎర్రంచు నుంచి ఒక పేలిక చింపి, దారి దిగి, ఒక్క అడుగే దిగి, ఆ మొక్క మొదట్లో కట్టింది. ఎర్రగా కనబడితే ఎవరూ తొక్కరని ఆమె ఆశ.

తెగిన పోగులు అతికే నేతముడి ఒకటుంది. లాగేకొద్దీ బిగుస్తుందే తప్ప జారదు. ఆ ముడి వెయ్యడంలో ఆమెని మించినవాళ్ళు లేరని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆ ముడే వేసింది. వేసి, రెండుసార్లు లాగి చూసి, తృప్తిగా నవ్వుకుంది.

తలుపు దగ్గర కాపలాదారు కొంగు వైపు చూశాడు.

“అంచు చిరిగిందేంటమ్మా?”

“ముళ్ళకంప తగులుకుంది తాతా.”

అతను ఆమె మొహంలోకి ఒక క్షణం చూశాడు. “సరేలే, దులుపు” అన్నాడు.

మరుసటి ఏడు వచ్చేసరికి ఆ మొక్కకి ఇంకో ఆరేడు ఎర్రగుడ్డలు కట్టి ఉన్నాయి. తనలాంటి మనసున్నవాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారని ఆమె మురిసిపోయింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ కన్నీళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండేది.

మూడో ఏడు తలుపు దగ్గర జాతర లాగా జనం. కాపలాదారు చెప్పే నాలుగు మాటలూ ఆ గోలలో కలిసిపోతున్నాయి. ముందు నిలబడ్డ ఒక ఇల్లాలి చేతిలో పసుపు పొట్లం, ఎర్రగుడ్డ ఉన్నాయి.

“ఎక్కడికమ్మా ఇంతమంది?” అని అడిగింది నేతగత్తె.

“ముడుపుల చెట్టు దగ్గరికి అక్కా. ఎర్రగుడ్డ కడితే కోరిక తీరుతుంది.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? కట్టి ఉన్నాయిగా!”

నేతగత్తె ఇక ఆగలేదు. దారి పొడవునా జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. మలుపులో దారి లేదు, పెద్ద మైదానం ఉంది. పైన్ సూదుల మెత్త అంతా కాళ్ళకింద పిండయిపోయి, నేల గచ్చులా గట్టిపడింది. వేళ్ళు పైకి తేలాయి. చుట్టూ కొబ్బరి చిప్పలు, కర్పూరం మసి. ఆ మధ్యలో నడుమెత్తు మొక్క, మొదలు నుంచి తల దాకా గుడ్డలు చుట్టుకుని, ఒక పక్క కొమ్మలన్నీ గోధుమరంగుకి తిరిగి నిలబడి ఉంది.

ఆమె కూలబడి ముడులు విప్పడం మొదలుపెట్టింది.

జనం కాసేపు చోద్యం చూశారు. తర్వాత ఒక పెద్దమనిషి వంగి, “మా ముడుపు కూడా నీ చేత్తో విప్పు తల్లీ” అన్నాడు.

“నేను విప్పితే ఏమొస్తుంది?”

“కోరిక తీరాకే కదా ముడుపు విప్పేది! నువ్వు విప్పావంటే తీరినట్టే.”

ఆమె ముందు వైపు విప్పుతుంటే వెనక వైపు కడుతున్నారు. మధ్యాహ్నానికి వరస తలుపు దాకా పాకింది. ఇక ఓర్చుకోలేక లేచి నిలబడి అరిచింది. “ఇది ముడుపు కాదయ్యా! ఎవరూ తొక్కకూడదని నేనే కట్టాను మొదట!”

తొక్కకూడదన్న మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. మొదట కట్టింది ఈవిడేనట అని ఆమె కాళ్ళ మీద పడ్డారు.

చివరికి కాపలాదారు కర్ర పట్టుకుని వచ్చి అందర్నీ బయటికి తోలాడు. ఇద్దరూ కూర్చుని పొద్దు వాలేదాకా గుడ్డలు విప్పారు. అట్టడుగున ఆమె కట్టిన ఎర్రంచు బయటపడింది. రంగు వెలిసిపోలేదు, పోగు సడలలేదు. కాండం దానికి పైనా కిందా ఉబ్బి, ముడిని సగం మింగేసింది. గోరు దూరే సందు కూడా లేదు.

“కోసేద్దాం తాతా.”

“కోస్తే బెరడు కూడా వస్తుందమ్మా. చచ్చిపోతుంది.”

“ఉంచితే?”

“నీ నూలు ముందు చీకిపోతే మొక్క బతుకుతుంది. మంచి నూలేనా?”

ఆమె ముడిని వేలితో తడిమింది. తన నూలు నాసిరకమైతే బాగుండునని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకుంది.

“నీకు ఆనాడు అబద్ధం చెప్పాను తాతా. ముళ్ళకంప తగల్లేదు.”

“తెలుసు. ఈ అడవిలో ముళ్ళకంపలు లేవు.” ముసలివాడు తల వంచుకున్నాడు. “అప్పుడే వెనక్కి పంపి తెప్పించాల్సింది. నీలాంటి మనిషి, ఒక్క పేలికే కదా అనుకున్నాను.”

పైన గాలి వీస్తూనే ఉంది. ఆ చప్పుడు కోసమే ఆమె ఏడాదంతా ఎదురుచూసేది. ఆ రోజు అది ఆమె చెవికెక్కలేదు.

“తలుపు మూసెయ్యి తాతా” అంది.

“మూస్తాను. కానీ నిన్నొక్కదాన్ని రానిచ్చినా జనం ఊరుకోరు. ఆవిడ వస్తోందిగా, ఇంకా ఏదో మహిమ ఉంది అంటారు.”

“నన్నే ముందు ఆపు.”

ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో ముసలివాడికి తెలుసు. అందుకే ఓదార్చలేదు. వెళ్ళేటప్పుడు కొంగు దులపమని కూడా అనలేదు. ఆమే దులిపింది.

తలుపు మూసుకుంది. కొన్నాళ్ళు జనం వచ్చి గొడవపడ్డారు, తర్వాత ఇంకో కొండ మీద ఇంకో చెట్టు దొరికింది, అటు పోయారు.

నేతగత్తె మాత్రం ప్రతి ఏడూ వానల్లో కొండెక్కుతుంది. తలుపు బయటే నిలబడుతుంది.

“ఉందా తాతా?” అని అడుగుతుంది.

“నాకెలా తెలుస్తుంది? నేనూ పోవడం మానేశాను.”

అంతకు మించి మాటలుండవు. ఒకసారి అలా నిలబడి ఉండగా గాలి గట్టిగా కొట్టి, లోపలి నుంచి ఒక పైన్ సూది ఎగిరొచ్చి ఆమె భుజం మీద పడింది. ఏ చెట్టుదో తెలియదు. పచ్చగా ఉందో ఎండిపోయిందో అని ముసలివాడు మెడ చాచాడు. చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంది.

ఆమె చూడలేదు. కళ్ళు మూసుకుని, కొంగు తలుపు మీదుగా లోపలికి చాపి దులిపింది. తనకోసం కొత్తగా నేసుకున్న ఆ కొంగుకి అంచు లేదు.